రెండు కొండలూ ఒకే మాట చెప్పాలి

అందరికీ నమస్కారం.

ఆదివారం సాయంత్రం బీచ్‌కి పోకుండా ఇంతమంది ఇక్కడికి వచ్చారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. ముందు వరసల్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలున్నారు. వెనక నా ఈడు వాళ్ళు, నాకంటే పెద్దవాళ్ళు ఉన్నారు. పిల్లలకి చప్పగా ఉండకుండా, పెద్దలకి బరువుగా ఉండకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మా ఇల్లు ఇక్కడే విశాఖలో, పెదవాల్తేరులో ఉండేది. చిన్నప్పుడు మా నాన్నగారి వెంట చేపల కోసం పెదజాలారిపేట వెళ్ళేవాణ్ణి. అక్కడ తెప్ప మీద వేటకెళ్ళే ఒక పెద్దాయన ఉండేవాడు. తాతా అని పిలిచేవాణ్ణి. ఒకరోజు ఆయన్ని అడిగాను: "తాతా, ఒడ్డు సన్నగా గీతలా అయిపోయేంత దూరం పోతావు కదా. నిన్న చేపలు పడిన చోటికే ఇవాళ మళ్ళీ ఎలా పోతావు? నీళ్ళ మీద గుర్తు పెట్టలేవు కదా!"

ఆయన వల బాగుచేసుకుంటూనే చెప్పాడు. "కొండలు సూసుకుంటాం బాబూ." దగ్గరున్న ఒక తాడిచెట్టు, దాని వెనక దూరంగా ఉన్న కొండ కొమ్ము. ఆ రెండూ ఒకదాని మీదికొకటి వచ్చేదాకా తెప్ప నడుపుతారు. అక్కడికి ఒక గీత దొరికినట్టు. ఆ గీత మీదే పోతూ రెండోవైపు చూస్తారు. యారాడ కొండ ముక్కు ఇంకో గుర్తుతో కలవాలి. అది రెండో గీత. రెండు గీతలూ కలిసిన చోటే వల వేసే చోటు. చివర్లో ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. "ఒక్క కొండని నమ్మి తెప్ప తిప్పకూడదు బాబూ. రెండు కొండలూ ఒకే మాట సెప్పాల."

తర్వాత నేను చదువుకుని విమానాశ్రయాల్లో రేడియో పరికరాలు చూసుకునే ఉద్యోగంలో చేరాను. ముప్ఫై ఏళ్ళకి పైగా వేరే వేరే రాష్ట్రాల్లో పనిచేసి, రిటైరయ్యాక మళ్ళీ ఇక్కడికి వచ్చేశాను. ఆ ముప్ఫై ఏళ్ళలో నేను చేసిన పని మొత్తం తాత చెప్పిన ఆ మాట చుట్టూనే తిరిగింది. ఇవాళ విమానయానం జీపీఎస్‌నే నమ్ముకుని ఆ మాటని మెల్లమెల్లగా పక్కన పెడుతోందని నా భయం. అందుకే మీ ముందుకి వచ్చాను.

విమానం గాల్లో ఉన్నంతసేపూ రెండు ప్రశ్నలకి జవాబు ఉండాలి. పైలట్ వేసుకునే ప్రశ్న: నేను ఎక్కడున్నాను? కింద కూర్చుని విమానాలకి దారి చెప్పే కంట్రోలర్ వేసుకునే ప్రశ్న: ఆ విమానం ఎక్కడుంది? వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. భద్రత అంతా ఈ రెండూ వేరుగా ఉండటంలోనే ఉంది.

మొదటి ప్రశ్నకి జవాబు ఒకప్పుడు నేల మీది నుంచి వచ్చేది. వీఓఆర్ అనే కేంద్రం దిక్కు చెబుతుంది. డీఎంఈ దూరం చెబుతుంది. రన్‌వే దగ్గర ఐఎల్‌ఎస్ ఉంటుంది. మబ్బులోంచి దిగే విమానానికి నువ్వు కుడికి జరిగావు, ఎడమకి జరిగావు, ఎక్కువ ఎత్తులో ఉన్నావు, తక్కువ ఎత్తులో ఉన్నావు అని చెప్పేది అదే. బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియం చూసే ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు లోపల నావిగేటర్ కూర్చునే చోటు దగ్గర రెండు నిమిషాలు ఆగండి. అంత పెద్ద విమానంలో ఒక మనిషి పని అదొక్కటే: మనం ఇప్పుడు ఎక్కడున్నాం?

రెండో ప్రశ్నకి జవాబు రాడార్ ఇచ్చేది. ప్రైమరీ రాడార్ అయితే విమానానికి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. సెకండరీ రాడార్ ప్రశ్న అడుగుతుంది, విమానంలోని ట్రాన్స్‌పాండర్ జవాబిస్తుంది. జవాబు ఎంతసేపటికి వచ్చింది, ఏ దిక్కు నుంచి వచ్చింది అన్నదాన్ని బట్టి చోటు ఎక్కడో రాడారే లెక్క కడుతుంది. విమానం తనంతట తాను ఫలానా చోట ఉన్నానని చెప్పాల్సిన పని లేదు. పైలట్ తన దారిలో తాను సరిగ్గానే పోతున్నాననుకుంటాడు. రాడార్ కాదంటుంది. "మీరు దారికి ఎడమగా జరిగారు, సరిచూసుకోండి" అని కంట్రోలర్ చెబుతాడు. అంటే ఇద్దరు సాక్షులు, వేరు వేరు కళ్ళు.

ఇప్పుడు జీపీఎస్ సంగతికి వద్దాం. దాన్ని తక్కువ చేసి మాట్లాడటానికి నేను రాలేదు. అది ఎందుకు అందరి చేతికీ వచ్చిందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. 1983 సెప్టెంబర్ 1న కొరియన్ ఎయిర్‌లైన్స్ 007వ విమానం దారి తప్పి సోవియట్ ఆకాశంలోకి వెళ్ళింది. యుద్ధ విమానం దాన్ని కూల్చేసింది. 269 మంది పోయారు. పైలట్లకి తాము దారి తప్పామనే తెలియదు. అదే నెలలో అమెరికా అధ్యక్షుడు రీగన్, జీపీఎస్ సిద్ధమయ్యాక పౌర విమానాలకీ ఇస్తామని ప్రకటించారు. ఆ తర్వాత ఎన్ని ప్రాణాలు నిలిచాయో లెక్క కట్టలేం. మన దేశంలో ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి గగన్ అనే వ్యవస్థ కట్టాయి. జీపీఎస్‌లో వచ్చే చిన్న చిన్న పొరపాట్లని అది సరిదిద్దుతుంది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ విమానాశ్రయంలో ఇండిగో ఏటీఆర్ విమానం గగన్ సాయంతో దిగింది. ఐఎల్‌ఎస్ పెట్టుకునే స్తోమత లేని చిన్న ఊళ్ళకి ఇది నిజంగా వరమే.

మరి ఇబ్బంది ఎక్కడుంది?

ఉపగ్రహాలు మనకి 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. అక్కణ్ణుంచి వచ్చే సిగ్నల్ మన తలమీదికి చేరేసరికి ఎంత మిగులుతుందో తెలుసా? ఒక వాట్ కరెంటుని వంద కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. రిసీవర్ లోపల సహజంగా ఉండే రొద కూడా దీనికంటే పెద్దది. ఆ రొదలోంచి సిగ్నల్‌ని ఏరుకోవడం గొప్ప ఇంజినీరింగ్. కానీ బలహీనత కూడా అక్కడే ఉంది. పండగ రోజు సాయంత్రం జగదాంబ జంక్షన్‌లో రోడ్డుకి అవతల నిలబడి ఎవరో మెల్లగా మీ పేరు పిలుస్తున్నారనుకోండి. మీ చెవి పక్కనే డీజే బాక్సు పెడితే ఇంకేం వినబడుతుంది? దాన్నే జామింగ్ అంటారు. డీజే అంత పెద్దది కూడా అక్కర్లేదు. అరచేతిలో పట్టే పరికరం చాలు.

అమెరికాలో నెవార్క్ విమానాశ్రయంలో జీపీఎస్ ఆధారంగా విమానాలని దించే ఒక కొత్త వ్యవస్థ పెట్టారు. అది ఉండుండి ఆగిపోయేది. కారణం వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, పక్కనే ఉన్న హైవే మీద పోయే వాహనాల్లోని చిన్న జామర్లు. కంపెనీ తమ బండిని ట్రాక్ చేయకూడదని డ్రైవర్లు వాటిని సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టుకుని తిరిగేవాళ్ళు. విమానాలకి హాని చేద్దామని కాదు. 2012లో దొరికిన ఒక డ్రైవర్‌కి 2013లో దాదాపు 32 వేల డాలర్ల జరిమానా పడింది. మన ఎయిర్‌పోర్టు పక్కనే ఎన్‌ఏడీ నుంచి గాజువాక వైపు జాతీయ రహదారి 16 మీద పగలూ రాత్రీ లారీలు నడుస్తుంటాయి. మన దేశంలో అనుమతి లేకుండా జామర్ కొన్నా, వాడినా నేరం. ఇక్కడున్న పిల్లల్లో ఎవరికైనా సరదాకి ఒకటి తయారు చేద్దామన్న ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. మీకది ఆట. రన్‌వేకి నాలుగు మైళ్ళ దూరంలో మబ్బులో ఉన్న పైలట్‌కి మాత్రం కాదు.

జామింగ్‌కి ఒక మంచి గుణం ఉంది. పరికరం నాకు తెలియట్లేదని ఒప్పుకుంటుంది. ఎర్ర అక్షరాలు వస్తాయి, పైలట్ వేరే దారి చూసుకుంటాడు. నాకు నిద్ర పట్టనివ్వనిది రెండోది, స్పూఫింగ్. మిమిక్రీ కళాకారుడు తెర వెనకనుంచి మీ అమ్మగారి గొంతుతో పిలిస్తే మీరు పలుకుతారు కదా. అలాగే ఎవరో ఉపగ్రహం గొంతుతో మాట్లాడతారు. రిసీవర్ నమ్మేస్తుంది. తాను ఇంకెక్కడో ఉన్నానని నమ్మకంగా చూపిస్తుంది. ఎర్ర అక్షరాలు రావు, హెచ్చరిక ఉండదు.

2023 సెప్టెంబర్ నుంచి ఇరాక్, ఇరాన్ ప్రాంతం మీదుగా పోయే విమానాలకి ఇది పెద్ద ఎత్తున మొదలైంది. జీపీఎస్ పోయినా ఇనర్షియల్ వ్యవస్థ ఉంటుందని అంతవరకూ అందరం ధైర్యంగా ఉన్నాం. గైరోస్కోపులతో, త్వరణం కొలిచే పరికరాలతో, బయటి సాయం లేకుండా చోటు లెక్క కట్టుకునే వ్యవస్థ అది. కానీ చాలా విమానాల్లో దాని లెక్కల్ని జీపీఎస్‌తో సరిచూసి సవరిస్తుంటారు. దొంగ సిగ్నల్ అందులోకీ దూరింది. కాపలాకి పెట్టుకున్నది కూడా పాడైంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. అక్కడ ఒక పెద్ద విమానం సిబ్బంది, ఇప్పుడు టైమెంత, మేమెక్కడున్నాం అని కింద కంట్రోలర్‌ని అడగాల్సి వచ్చింది. ఇంకో చిన్న జెట్ అనుమతి లేకుండా ఇరాన్ ఆకాశంలోకి వెళ్ళిపోయేంత పనైంది. నేలకి పది కిలోమీటర్ల ఎత్తులో హాయిగా పోతున్న విమానాల్లో "కొండ వచ్చేస్తోంది, పైకి లేపండి" అని హెచ్చరికలు మోగాయి. ఆ గొంతు వినగానే ఆలోచించకుండా విమానం పైకి లాగాలని పైలట్‌కి నేర్పుతారు. అది నాలుగుసార్లు ఉత్తుత్తిగా మోగాక, ఐదోసారి నిజంగా మోగితే అతని చెయ్యి ఒక్క క్షణం ఆగదని ఎవరు చెప్పగలరు?

ఇక కంట్రోలర్ వైపు చూద్దాం. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే.

ఏడీఎస్-బీ అని ఒక పద్ధతి ఉంది. మీ ఫోన్లో ఫ్లైట్ ట్రాకర్ యాప్ పెట్టుకుని పసుప్పచ్చ విమానం బొమ్మలు చూస్తుంటారు కదా, అవి చాలావరకు దానివల్లే. విమానం సెకనుకి దాదాపు రెండుసార్లు తనంతట తానే చాటుతుంది: నేను ఫలానా చోట ఉన్నాను. కింద ఒక చిన్న యాంటెన్నా ఉంటే చాలు, వినొచ్చు. రాడార్ పెట్టడానికి అయ్యే ఖర్చులో ఇది చిన్న ముక్క. రాడార్ చూపు చేరని కొండల వెనక కూడా పనిచేస్తుంది. లాభాలన్నీ నిజమే. కానీ విమానం చెప్పే ఆ చోటు ఎక్కణ్ణుంచి వచ్చింది? దాని జీపీఎస్ నుంచి. అంటే పైలట్ ముందున్న తెర మీద ఏ తప్పుందో అదే తప్పు కంట్రోలర్ తెర మీదికీ వస్తుంది. ఇద్దరి తెరలూ చక్కగా సరిపోతాయి. పైలట్ అడిగితే కంట్రోలర్, అవును, మీరు సరైన దారిలోనే ఉన్నారంటాడు. తప్పు అని చెప్పడానికి ఎవరూ మిగలరు.

తాత మాటలో చెప్పాలంటే, రెండు కొండలు చూస్తున్నామనుకుంటున్నాం. నిజానికి ఒకే కొండని రెండు కిటికీల్లోంచి చూస్తున్నాం.

బంగాళాఖాతం మీద పరిస్థితి ఇంకా సున్నితం. తీరం నుంచి సుమారు 250 నాటికల్ మైళ్ళు దాటితే భూమి వంపు వల్ల రాడార్‌కి కనబడదు. ఆగ్నేయాసియా వైపు పోయే విమానాలు ఆ సముద్రం మీద ఉన్నంతసేపూ తమ చోటు తామే పంపుతాయి, వాటి కంప్యూటర్లలో ఉన్న లెక్క ప్రకారం. అందుకే అక్కడ విమానాల మధ్య ఎడం ఎక్కువ ఉంచుతారు. ఆ ఎడం తగ్గించి ఎక్కువ విమానాలు నడపాలన్న ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. ఒక్క ఊరట ఏమిటంటే ఎత్తు. పై విమానానికీ కింది విమానానికీ మధ్య ఉంచే వెయ్యి అడుగుల ఎడం జీపీఎస్ మీద ఆధారపడదు. గాలి ఒత్తిడి కొలిచే పాత ఆల్టీమీటరే ఆ పని చేస్తోంది. ఢీకొట్టకుండా ఆఖరి క్షణంలో హెచ్చరించే టీకాస్ కూడా ప్రధానంగా పక్క విమానం ట్రాన్స్‌పాండర్‌ని అడిగి తెలుసుకుంటుంది. ఈ రెండిటినీ కూడా "ఆధునికం" చేద్దామని ఎవరైనా అంటే గట్టిగా అడ్డుపడాలి.

ఇదంతా ఎక్కడో జరిగేదనుకోకండి. 2023 నవంబర్ నుంచి 2025 ఫిబ్రవరి వరకు మన సరిహద్దు ప్రాంతంలో, ఎక్కువగా అమృత్‌సర్, జమ్మూ వైపు, జీపీఎస్ అంతరాయాలు 465 నమోదయ్యాయని ప్రభుత్వమే లోక్‌సభకి చెప్పింది. 2025 నవంబర్‌లో అది దేశ రాజధానికే వచ్చింది. ఢిల్లీలో 10వ నంబర్ రన్‌వే వైపు దిగే విమానాలకి స్పూఫింగ్ ఎదురైంది. ఆ రోజుల్లో ఆ రన్‌వే మీద ఐఎల్‌ఎస్ అప్‌గ్రేడ్ పనుల కోసం ఆపి ఉంది. విమానాలు ఉపగ్రహాల సాయంతోనే దిగుతున్నాయి. అంటే పాత దీపం ఆర్పి ఉన్న సమయంలో కొత్త దీపం మోసం చేసింది. మన శ్రీకాకుళం ఎంపీ, విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు డిసెంబర్‌లో రాజ్యసభకి ఇచ్చిన జవాబులో ఒక ముఖ్యమైన విషయం ఉంది. పాత పద్ధతి పరికరాలు పనిచేస్తున్న మిగతా రన్‌వేల మీద దిగిన విమానాలకి ఇబ్బంది రాలేదు. దేశవ్యాప్తంగా కనీసం కొన్ని నేల కేంద్రాలని కొనసాగిస్తున్నామని కూడా ఆ జవాబులోనే చెప్పారు. పేపర్లో ఆ వార్త చదివి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నా ముప్ఫై ఏళ్ళ పనికి సర్టిఫికెట్ ఇచ్చినట్టు అనిపించింది.

ఆ రోజు ఢిల్లీ కంట్రోలర్ పరిస్థితి ఒక్కసారి ఊహించండి. మామూలుగా విమానం తన దారి తాను చూసుకుంటూ వచ్చి దిగుతుంది, కంట్రోలర్ ఎడం చూస్తాడు. జీపీఎస్ పోయిన మరుక్షణం ఒక పైలట్ దిక్కు చెప్పమంటాడు. ఆ వెనకే ఇంకొకరు, ఆ వెనక మరొకరు. కంట్రోలర్ రాడార్ చూస్తూ ఒక్కొక్కరికీ ఎడమకి తిరగండి, ఇంత డిగ్రీలు, ఇంత ఎత్తుకి దిగండి అని చేయి పట్టుకుని నడిపించాలి. పది విమానాలకి పదిమంది నావిగేటర్ల పని ఒకే మనిషి మీద పడుతుంది. అలాంటి టెన్షన్ నేను పక్క గదిలోంచి అద్దంలోంచి చూసినవాణ్ణి. ఆ సమయంలో గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడరు. కాఫీ కప్పు కూడా చప్పుడు కాకుండా పెడతారు. ఆ మనిషికి అప్పుడు ఆసరా ఇచ్చేది రాడారే. అక్కడ రాడార్ లేకుండా ఏడీఎస్-బీ ఒక్కటే ఉంటే ఏ దిక్కు చెప్పేవాడు?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఏ ప్రమాదం జరిగినా జీపీఎస్ వల్లే అని అనేయకూడదు. 2024 డిసెంబర్ 25న అజర్‌బైజాన్ ఎయిర్‌లైన్స్ విమానం కజకిస్తాన్‌లోని అక్టావ్ దగ్గర కూలి 67 మందిలో 38 మంది పోయారు. రష్యాలోని గ్రోజ్నీ దగ్గర దానికి జీపీఎస్ అందలేదన్నది నిజం. కానీ దాన్ని దెబ్బతీసింది బయటినుంచి వచ్చి తగిలిన ముక్కలు. గాల్లో క్షిపణులు పేలాయని రష్యా అధ్యక్షుడే తర్వాత ఒప్పుకున్నారు. ప్రాణాలు పోయిన చోట కారణాలు కలగాపులగం చేయడం తప్పు. దానికంటే ఫిన్లాండ్ వాళ్ళ ఫిన్‌ఎయిర్ ఉదంతం మనకి పాఠంలా ఉంటుంది. 2024 ఏప్రిల్ చివర్లో ఎస్టోనియాలోని టార్టు ఊరికి వాళ్ళ విమానాలు రెండు రోజులు వరసగా దిగలేక వెనక్కి తిరిగాయి. అక్కడ వాళ్ళు దిగే పద్ధతి జీపీఎస్ మీదే ఆధారపడింది. నెల రోజులు ఆ సర్వీసే ఆపేశారు. నేల మీది పరికరాలతో దిగే పద్ధతి తయారయ్యాక మళ్ళీ మొదలుపెట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు, ఎందుకంటే వాళ్ళు ముందే ఆగారు.

ఇప్పుడు నా కళ్ళతో చూసింది ఒకటి చెబుతాను. ఆ ఊరి పేరు చెప్పను, అక్కడి మనుషులు మంచివాళ్ళే.

జీపీఎస్ అంటే చోటు చెప్పేదని అందరూ అనుకుంటారు. అసలు అది గడియారం. ఉపగ్రహాలు పంపేది సమయమే. అది ఎంత ఆలస్యంగా చేరిందో చూసి రిసీవర్ దూరం లెక్క కడుతుంది. ఒక మైక్రోసెకను తేడా అంటే 300 మీటర్లు. అందుకే టెలిఫోన్ టవర్లు, బ్యాంకులు, కరెంటు గ్రిడ్ అన్నీ దాని దగ్గరే టైం తీసుకుంటాయి. కంట్రోల్ రూములో కూడా అంతే. రాడార్ తెరకి, మాటలు రికార్డు చేసే యంత్రానికి, గోడమీది ఎర్ర అంకెల గడియారానికి, అన్నిటికీ మేడ మీదున్న ఒక్క జీపీఎస్ యాంటెన్నా నుంచే టైం వస్తుంది.

ఒక వానాకాలం రాత్రి కొత్తగా చేరిన ఒకమ్మాయి, కంట్రోలర్, నన్ను పిలిచింది. "సార్, ఈ గోడ గడియారానికీ నా తెరమీది టైంకీ పదకొండు సెకన్లు తేడా ఉంది. ఏది నమ్మాలి?" నేను వెళ్ళి చూశాను. నిజమే. మాస్టర్ క్లాక్ ఉన్న గదికి వెళ్తే అలారం దీపం వెలుగుతోంది. శబ్దాన్ని ఎవరో మ్యూట్ చేసి ఉంచారు. లాగ్ పుస్తకం వెనక్కి తిప్పితే మూడు వారాలుగా అంతే. సిగ్నల్ రాకపోయినా క్లాక్ తన సొంత లెక్కతో నడుస్తోంది, అన్నీ పనిచేస్తున్నట్టే ఉన్నాయి, ఎవరికీ తొందర కలగలేదు. టార్చిలైటు పట్టుకుని మేడెక్కాను. పుట్టగొడుగులా తెల్లగా ఉంటుంది ఆ యాంటెన్నా. కనెక్టర్ చుట్టూ చుట్టిన నల్ల టేపుని కాకి పొడిచి పొడిచి విప్పేసింది. లోపలికి నీళ్ళు దిగి రాగి పచ్చబడిపోయింది.

శత్రుదేశం లేదు, హ్యాకర్ లేడు. ఒక కాకి, ఒక వాన, ఒక మ్యూట్ బటన్. ఆ రాత్రి ఏ ప్రమాదమూ జరగలేదు. కానీ ఆ మూడు వారాల్లో ఏదైనా జరిగి ఉంటే, పైలట్ మాట ముందా, రాడార్ చుక్క ముందా అని తేల్చడానికి మన దగ్గర ఉన్న రికార్డులే అబద్ధం చెప్పేవి. ఆ అమ్మాయి తన తెరని నమ్మేసి ఊరుకోలేదు. గోడ వైపు కూడా ఓసారి చూసింది. అలా చూసే అలవాటుని మనుషుల్లో బతికించుకోవాలి.

2016 జనవరి 26న ఇలాంటిదే పెద్ద ఎత్తున జరిగింది. ఒక పాత ఉపగ్రహాన్ని పక్కనపెడుతూ చేసిన పొరపాటు వల్ల కొన్ని జీపీఎస్ ఉపగ్రహాలు సమయాన్ని 13.7 మైక్రోసెకన్ల తేడాతో చెప్పాయి. గంటల తరబడి ఎన్నో దేశాల్లో టెలికాం పరికరాలు అలారాలు మోగించాయి. 2019 జులైలో జీపీఎస్ లాంటిదే, యూరప్ వాళ్ళ గెలీలియో దాదాపు వారం రోజులు ఆగిపోయింది. దాన్ని కూడా ఎవరూ దాడి చేసి ఆపలేదు.

విశాఖ వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. మన తలమీద అయనావరణం, అంటే అయనోస్ఫియర్, ప్రపంచంలో చాలాచోట్ల కంటే ఎక్కువ అల్లరి చేస్తుంది. భూ అయస్కాంత మధ్యరేఖ మన దేశం దక్షిణ కొస మీదుగా పోతుంది. దానికి కొంచెం ఉత్తరాన ఎలక్ట్రాన్లు కుప్పపడే పట్టీ ఉంటుంది. సాయంత్రం పొద్దుగుంకాక ఆ పొరలో బుడగలు లేస్తాయి. వాటిలోంచి వచ్చే జీపీఎస్ సిగ్నల్ నక్షత్రంలా మిణుకుమంటుంది, ఒక్కోసారి తెగిపోతుంది. మన ఆంధ్రా యూనివర్సిటీలో బి. రామచంద్రరావు గారి కాలం నుంచీ ఈ అయనావరణ పరిశోధన జరుగుతోంది. గగన్ కోసం దేశంలోని విమానాశ్రయాల్లో పెట్టిన రిసీవర్ల కొలతలని విశ్లేషించిన వాళ్ళలో మన వాల్తేరు శాస్త్రవేత్తలు ఉన్నారు. మన ఊరి వాళ్ళు చేసిన పని అని గర్వంగా చెప్పుకోవచ్చు. అయితే గగన్ పొరపాట్లని సరిదిద్దుతుందే తప్ప జామర్‌ని ఆపదు. అది కూడా జీపీఎస్ ఫ్రీక్వెన్సీలోనే మాట్లాడుతుంది. ఒకటి మునిగితే రెండోదీ మునుగుతుంది. జీపీఎస్ లాంటి మన సొంత వ్యవస్థ నావిక్. మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆ ఉపగ్రహాలు మనవన్న ధైర్యం వేరు. అవి పూర్తిగా నిలదొక్కుకోవాలని నేనూ కోరుకుంటున్నాను. కానీ అవీ ఆకాశం నుంచి వచ్చే సన్నటి గొంతులే.

అలాగని నేల మీదున్నవే గొప్పవని అనను. 2014 అక్టోబర్ 12 మీ అందరికీ గుర్తుంది. హుద్‌హుద్ వచ్చిన రోజు నేను వేరే రాష్ట్రంలో డ్యూటీలో ఉన్నాను. మా అమ్మ ఇక్కడ ఒంటరిగా ఉంది. రెండు రోజులు ఫోను కలవలేదు. ఎయిర్‌పోర్టు టెర్మినల్ పైకప్పు ఎలా అయిపోయిందో ఫొటోల్లో చూశాను. కరెంటు లేదు, టవర్లు లేవు, చెట్లు లేవు. ఆ రోజు నేలమీద నిలిచినవి తక్కువ. ఉపగ్రహాలు మాత్రం చెక్కుచెదరకుండా వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి. తుపాను నేలని కొడుతుంది, జామర్ ఆకాశాన్ని కొడుతుంది. రెండిటికీ ఒకేసారి తగిలే దెబ్బ అరుదు. అందుకే రెండూ కావాలంటున్నాను.

మనది నౌకాదళం ఊరు. ఇన్నాళ్ళూ మనం విమానం ఎక్కింది కూడా నౌకాదళం వాళ్ళ ఐఎన్‌ఎస్ డేగా రన్‌వే నుంచే, వాళ్ళ కంట్రోలర్ల మాట మీదే. 1971లో యుద్ధం మన హార్బర్ గుమ్మం దాకా వచ్చింది. పాకిస్తాన్ జలాంతర్గామి పీఎన్‌ఎస్ ఘాజీ మునిగింది ఇక్కడే. ఇప్పుడు ఎక్కడ ఉద్రిక్తత వచ్చినా ముందు పాడయ్యేది జీపీఎస్. బాల్టిక్ తీరంలో చూస్తున్నాం, కొరియాలో చూశాం. 2012లో ఉత్తర కొరియా జామింగ్ వల్ల వెయ్యికి పైగా విమానాలు ఇబ్బంది పడ్డాయి. మన తీరంలో అలాంటిది రాదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేం.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు గారి పేరు మీద కొత్త విమానాశ్రయం వచ్చింది. మన పిల్లలు, మనవలు ఇక అక్కణ్ణుంచే ఎగురుతారు. టెర్మినల్ ఎంత అందంగా ఉందని అందరం మాట్లాడుకుంటాం. నేను అడగమనేది వేరే. సమాచార హక్కు కింద అడగండి, ఎమ్మెల్యే గారిని అడగండి, ఎంపీ గారిని అడగండి. ఐఎల్‌ఎస్‌ని రిపేరుకి ఆపిన రోజు విమానాలు ఏ ఆసరాతో దిగుతాయి? చుట్టుపక్కల వీఓఆర్, డీఎంఈ కేంద్రాలని ఎన్నేళ్ళు ఉంచుతారు? సెకండరీ రాడార్ చూపు అక్కడ ఎంత కింది ఎత్తుదాకా వస్తుంది? కంట్రోలర్లకి రాడార్ లేకుండా, ఒక్కో విమానం వివరాలు రాసుకునే కాగితం స్ట్రిప్పుల మీద విమానాలు నడిపే ప్రాక్టీసు ఏడాదికి ఎన్నిసార్లు ఇస్తున్నారు?

చివరి ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది గానీ అన్నిటికంటే నాకు దాని మీదే బెంగ. పరికరం డబ్బుతో కొనొచ్చు. చేతి అలవాటు పోతే తిరిగి రావడానికి ఒక తరం పడుతుంది.

వీఓఆర్‌ల సంగతి కూడా చెప్పాలి. నేను కూర్చున్న చాలా మీటింగుల్లో ఈ మాట వినబడేది: జీపీఎస్ ఉంది కదా, ఇంకా ఈ వీఓఆర్ ఎందుకు? కరెంటు దండగ, మనుషులు దండగ. దాన్ని నడపడం అంటే ఏమిటో వాళ్ళకి తెలియదు. పొలాల మధ్యలో ఒంటరిగా ఒక తెల్లటి గది ఉంటుంది. కప్పు మీద గుండ్రంగా యాంటెన్నాలు. తీరం పక్కనైతే ఉప్పుగాలికి నట్లు తుప్పు పట్టిపోతాయి, వారం వారం తుడవాలి. గడ్డి పెరిగితే కోయాలి. కంచె తెగితే ఆవులొస్తాయి. ఏసీ పాడైతే అర్ధరాత్రి జీపు వేసుకుని పోవాలి. కొన్ని నెలలకోసారి క్యాలిబ్రేషన్ విమానం వచ్చి దాని చుట్టూ తిరిగి, అది చెప్పే దిక్కు సరిగ్గా ఉందో లేదో కొలిచి పోతుంది. ఆ విమానం రేడియోలో "ఓకే" అన్నప్పుడు మా టెక్నీషియన్ ముఖంలో కనిపించే సంతోషం నేను చాలాసార్లు చూశాను. పెళ్ళిచూపుల్లో ఒప్పుకున్నారని కబురొచ్చినట్టు ఉండేది. అలాంటి మనుషులు రిటైరై పోతున్నారు, ఆ ఉద్యోగాల్లోకి రావడానికి పిల్లలు తటపటాయిస్తున్నారు. ముందు వరసలో కూర్చున్న మీరు ఎలక్ట్రానిక్స్ చదువుతున్నారు కదా. సాఫ్ట్‌వేర్ కాకుండా ఇంకో దారి కావాలనుకుంటే దీని గురించి నన్ను అడగండి. జీతం ఎంతో, పని ఎలా ఉంటుందో, రాత్రి డ్యూటీలు ఎన్నో ఉన్నదున్నట్టు చెబుతాను.

వెనక బల్ల మీద మూడు వస్తువులు పెట్టాను. ఒకటి కాగితం స్ట్రిప్పు పెట్టే ప్లాస్టిక్ హోల్డరు, చాలా ఏళ్ళు వాడి అంచులు అరిగిపోయింది. రెండోది చేతిలో పట్టే జీపీఎస్. దాన్ని ఆన్ చేసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళండి, తర్వాత అరచేత్తో పైన మూసి చూడండి, ఉపగ్రహాల లెక్క ఎలా తగ్గుతుందో తెలుస్తుంది. మూడోది ఆ రాత్రి నేను కోసేసిన కనెక్టర్ ముక్క. కాకి ముక్కు గాట్లు దాని మీద ఇంకా కనబడతాయి. టీ కూడా అక్కడే ఉంది. మిగతా ప్రశ్నలు అక్కడ నిలబడి మాట్లాడుకుందాం.